పద్దు పెట్టని సర్వర్

కిందటి భాగంలో ఈథర్నెట్ కేబుల్ ఆఫీసు గదుల మధ్యకు ఎలా వచ్చిందో చూశాం. సెకనుకు కోటి బిట్లు మోసే తీగ చేతికొచ్చింది. దాని మీద ఏం పంపాలన్నది మాత్రం 1980ల మొదట్లో ఇంకా తేలలేదు. ఒక మిషన్‌లోని ఫైలును మరో మిషన్‌లోకి కాపీ చేసుకునే ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. దూరంగా ఉన్న మిషన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాములూ ఉన్నాయి. కాపీతో వచ్చే చిక్కు ఒకటే: కాపీ చేసిన క్షణం నుంచి ఒకే ఫైలు రెండవుతుంది. ఒకరు దీన్ని దిద్దుతారు, మరొకరు దాన్ని దిద్దుతారు, నెల తిరిగేసరికి ఏది అసలుదో ఎవరూ చెప్పలేరు. ఫైలు ఉన్న చోటే ఉండాలి, దాన్ని ఎక్కడి నుంచి తెరిచినా సొంత డిస్కులో ఉన్నట్టే తెరుచుకోవాలి. ఈ కోరిక తీర్చడానికి చాలామంది ప్రయత్నించారు. ఆ ప్రయత్నాల్లో నిలబడి, నలభై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ డేటా సెంటర్లలో పనిచేస్తున్నది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, క్లుప్తంగా ఎన్ఎఫ్ఎస్.

ఇది పుట్టిన ఇల్లు సన్ మైక్రోసిస్టమ్స్. 1982 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఆ కంపెనీ మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో వర్క్‌స్టేషన్‌ను రూపొందించిన ఆండీ బెక్టల్‌షైమ్, ఢిల్లీ ఐఐటీలో చదివి స్టాన్‌ఫర్డ్ చేరిన వినోద్ ఖోస్లా, ఆయన సహాధ్యాయి స్కాట్ మెక్‌నీలీ కలిసి దాన్ని నెలకొల్పారు. బర్క్‌లీలో యూనిక్స్‌ను తిరగరాసిన బిల్ జాయ్ త్వరలోనే వచ్చి కలిశాడు. ప్రతి ఇంజినీరు బల్ల మీదా ఒక శక్తిమంతమైన యూనిక్స్ మిషన్ పెట్టాలన్నది వాళ్ళ వ్యాపారం. ఆ రోజుల్లో డిస్కు ఖరీదైన వస్తువు, పైగా చప్పుడు చేసేది. అందుకని సన్ డిస్కు లేని వర్క్‌స్టేషన్లు అమ్మసాగింది. మిషన్‌లో ప్రాసెసర్, మెమరీ, తెర ఉంటాయి. డిస్కు మాత్రం ఎక్కడో సర్వర్ గదిలో ఉంటుంది. బూట్ అవ్వడం కూడా తీగ మీదుగానే.

మొదట్లో దీనికి వాళ్ళు ఎన్‌డీ అనే పద్ధతి వాడారు. ఎన్‌డీ అంటే నెట్‌వర్క్ డిస్కు. సర్వర్‌లోని పెద్ద డిస్కును ముక్కలుగా విడగొట్టి ఒక్కో వర్క్‌స్టేషన్‌కు ఒక్కో ముక్క ఇస్తారు. వర్క్‌స్టేషన్ దాన్ని తన సొంత డిస్కుగానే చూస్తుంది, ఫలానా బ్లాక్ ఇవ్వు, ఫలానా బ్లాక్ రాయి అని అడుగుతుంది. బాగానే పనిచేసింది. కానీ ఇద్దరు ఒకే ముక్కలో రాయడానికి వీల్లేదు. ఏ బ్లాక్ ఖాళీగా ఉందో ఎవరి కెర్నల్ లెక్క వాళ్ళదే కాబట్టి, ఇద్దరూ రాస్తే ఒకరి ఫైలు మీద మరొకరి ఫైలు పడుతుంది. చదవడానికి మాత్రమే ఉన్న ముక్కలను పంచుకోవచ్చు, అంతే. డిస్కును పంచారు గానీ ఫైళ్ళను పంచలేకపోయారు.

ఫైళ్ళను పంచిన వాళ్ళు వేరేచోట లేకపోలేదు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో బ్రౌన్‌బ్రిడ్జ్, మార్షల్, ర్యాండెల్ అనే ముగ్గురు 1982లోనే న్యూకాసిల్ కనెక్షన్ అనే పద్ధతిని ప్రచురించారు. యూనిక్స్‌లో డైరెక్టరీల చెట్టుకు అన్నిటికంటే పైన ఉండేది రూట్. దాని పైన ఇంకో అంతస్తు కట్టి, ఒక్కో మిషన్‌ను అందులో ఒక్కో కొమ్మగా పెట్టారు. రూట్ నుంచి ఒక మెట్టు పైకెక్కి పక్క మిషన్ పేరు చెబితే అందులోకి దిగొచ్చు. అందమైన ఆలోచన. లాస్ ఏంజెలెస్‌లో జెరాల్డ్ పోపెక్ బృందం లోకస్ పేరుతో ఇంకా పెద్ద కల కన్నది. ఈ పద్ధతులన్నీ రెండు వైపులా యూనిక్సే ఉంటుందని నమ్మి కట్టినవి. సన్ ఇంజినీర్లు ఆ నమ్మకాన్ని పక్కన పెట్టారు.

1984లో పని మొదలుపెట్టిన ఆ బృందం 1985 జూన్‌లో ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన యూజ్‌నిక్స్ సదస్సులో తమ పత్రం చదివింది. రచయితలు అయిదుగురు: రస్సెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్. ఏ మిషన్‌కూ ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కట్టుబడకూడదు. మిషన్ పడిపోతే తేలిగ్గా కోలుకోవాలి. ప్రోగ్రాములకు ఫైలు దూరంగా ఉందన్న సంగతి తెలియకూడదు. వేగం ఎన్‌డీతో సమానంగా, అంటే సొంత డిస్కు వేగంలో సుమారు 80 శాతం ఉండాలి. ఇవీ వాళ్ళు పెట్టుకున్న లక్ష్యాలు. కోలుకోవడం గురించిన ఆ రెండో షరతు మీదే ఈ భాగమంతా నడుస్తుంది.

మామూలుగా ఒక ఫైలు తెరిస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరు తెరిచారు, ఎంతవరకు చదివారు, తాళం వేశారా లేదా అన్నీ దాని మెమరీలో ఉంటాయి. అదే పని నెట్‌వర్క్ మీద చేస్తే వందమంది క్లయింట్ల పద్దులన్నీ సర్వర్ మెమరీలో పోగవుతాయి. కరెంటు పోయి సర్వర్ పడిపోతే ఆ పద్దులన్నీ పోతాయి. లేచాక ఎవరికి ఏం ఇవ్వాలో దానికి తెలియదు. క్లయింట్ పడిపోతే ఇంకో తలనొప్పి: ఎప్పటికీ మూయని ఫైళ్ళ పద్దు సర్వర్ దగ్గర మిగిలిపోతుంది. సన్ బృందం తీసుకున్న నిర్ణయం నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ధైర్యమైనదిగా కనిపిస్తుంది. సర్వర్ ఎవరి పద్దూ పెట్టదు. అరువు బేరం లేని కొట్టులాగా, వచ్చినవాళ్ళు ఏం కావాలో పూర్తిగా చెప్పాలి, అప్పటికప్పుడు తీసుకుని వెళ్ళాలి. కొట్టు మూసి మళ్ళీ తెరిచినా ఎవరికీ నష్టం లేదు.

బయటి ప్రపంచానికి మొదట అందిన రెండో వెర్షన్ ప్రోటోకాల్‌లో మొత్తం 18 పనులున్నాయి. వాటిలో రెండు అసలు వాడుకలోకి రానేలేదు. ఫైలు వెతకడం, చదవడం, రాయడం, సృష్టించడం, పేరు మార్చడం, తీసేయడం, డైరెక్టరీ కట్టడం ఇలా ఉంటాయవి. ఫైలును తెరవడం మాత్రం అందులో లేదు. మూయడమూ లేదు.

ఒక ఫైలు చదివే తీరు చూస్తే ఇది స్పష్టమవుతుంది. సర్వర్‌లోని హోమ్ డైరెక్టరీని క్లయింట్ మౌంట్ చేసుకుందనుకుందాం, అంటే తన డైరెక్టరీల చెట్టుకు తగిలించుకుందన్నమాట. మౌంట్ అయినప్పుడు ఆ డైరెక్టరీకి గుర్తుగా 32 బైట్ల హ్యాండిల్ ఒకటి సర్వర్ ఇస్తుంది. హోమ్‌లో పద్మ అనే డైరెక్టరీ, అందులో ఉత్తరం అనే 20 కిలోబైట్ల ఫైలు ఉన్నాయి. క్లయింట్ ముందు హోమ్ హ్యాండిల్ చూపించి ‘ఇందులో పద్మ ఏది?’ అని అడుగుతుంది. సర్వర్ పద్మ హ్యాండిల్ పంపుతుంది. ఆ హ్యాండిల్ చూపించి ‘ఇందులో ఉత్తరం ఏది?’ అంటుంది. ఇంకో హ్యాండిల్ వస్తుంది. దారి మొత్తం ఒకేసారి పంపకుండా మెట్టు మెట్టుగా ఎందుకు అడగాలంటే, దారి రాసే పద్ధతి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటి కాదు. యూనిక్స్ గీత వేసే చోట ఇంకొకటి మరో గుర్తు పెడుతుంది. ఆ తర్వాత చదవడం: ‘ఈ హ్యాండిల్ ఫైలులో 0వ బైటు నుంచి 8,192 బైట్లు ఇవ్వు.’ ‘8,192 నుంచి ఇంకో 8,192 ఇవ్వు.’ ‘16,384 నుంచి ఇంకో 8,192 ఇవ్వు.’ చివరి జవాబులో 4,096 బైట్లే వస్తాయి, ఫైలు అయిపోయింది. ఎంతవరకు చదివానన్నది క్లయింట్ గుర్తుపెట్టుకుని ప్రతిసారీ చెబుతోంది. సర్వర్‌కు మూడు కోరికలూ మూడు వేర్వేరు సంగతులు.

ఇప్పుడు రెండో జవాబుకూ మూడో కోరికకూ మధ్య సర్వర్ పడిపోయిందనుకుందాం. క్లయింట్‌కు జవాబు రాదు. కాసేపు ఆగి అదే ప్యాకెట్ మళ్ళీ పంపుతుంది. ఇంకాసేపాగి ఇంకోసారి పంపుతుంది. తెర మీద ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అని పడుతుంది. యూనిక్స్ ల్యాబుల్లో పనిచేసిన వాళ్ళెవరూ ఈ మాటలు మరచిపోరు. పది నిమిషాలకో గంటకో సర్వర్ లేస్తుంది. అదే ప్యాకెట్ మళ్ళీ వస్తుంది. హ్యాండిల్, ఎక్కడి నుంచి, ఎంత అన్నీ అందులోనే ఉన్నాయి కనుక సర్వర్ 4,096 బైట్లూ పంపేస్తుంది. తెర మీద ‘సర్వర్ ఓకే’ అని వస్తుంది. ఉత్తరం చదువుతున్న ప్రోగ్రామ్‌కు మధ్యలో కాస్త ఆలస్యమైందని తప్ప ఏమీ తెలియదు. ఇందుకోసం సర్వర్‌లో ఒక్క లైను కోలుకునే కోడ్ కూడా రాయనక్కర్లేదు.

హ్యాండిల్‌లో ఏముంటుంది? క్లయింట్ దాన్ని విప్పి చూడకూడదన్నది నియమం. సర్వర్ మాత్రం అందులో ఏ ఫైల్ సిస్టమ్, ఏ ఐనోడ్ అన్నవి రాసుకుంటుంది. ఐనోడ్ అంటే డిస్కు మీద ఫైలు వివరాలుండే చోటు; దానికో నంబరు ఉంటుంది. ఫైలును తీసేస్తే ఆ నంబరు ఖాళీ అవుతుంది, రేపు ఇంకో ఫైలుకు పోతుంది. పాత హ్యాండిల్ పట్టుకుని వచ్చిన క్లయింట్ తెలియకుండా వేరేవాళ్ళ ఫైలు మీద రాసేసే ప్రమాదముంది. అందుకని ప్రతి ఐనోడ్‌కూ తరం నంబరు ఒకటి కలిపారు. ఐనోడ్ చేతులు మారిన ప్రతిసారీ అది మారుతుంది. హ్యాండిల్‌లోని తరం, డిస్కు మీది తరం కలవకపోతే సర్వర్ ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అంటుంది. ఈ లోపం చూసి విసుక్కోని యూనిక్స్ మనిషి లేడు. కానీ ఇది లేకపోతే పరాయి ఫైళ్ళు పాడయ్యేవి.

పద్దు పెట్టకపోవడానికి మూల్యం కూడా ఉంది. చదివే కోరిక ఎన్నిసార్లు వచ్చినా జవాబు ఒకటే. ఫైలు తీసేయమన్న కోరిక అలా కాదు. సర్వర్ ఫైలు తీసేసింది, జవాబు దారిలో పోయింది, క్లయింట్ మళ్ళీ అడిగింది. ఈసారి ‘అలాంటి ఫైలు లేదు’ అని జవాబు వస్తుంది. పని అయింది, జవాబు మాత్రం విఫలమంటోంది. దీనికి డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీకి చెందిన చెట్ జుస్జాక్ 1989లో ఒక మందు ప్రకటించాడు: ఇటీవలి కోరికలకు ఇచ్చిన జవాబులను సర్వర్ కాసేపు దాచుకోవడం. చిన్నదే అయినా అదీ ఒక పద్దే.

మరో చిక్కు యూనిక్స్ అలవాటు నుంచి వచ్చింది. యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలును తీసేస్తే పేరు మాత్రమే పోతుంది. తెరిచినవాళ్ళు మూసేదాకా లోపలి సరుకు ఉంటుంది. తాత్కాలిక ఫైళ్ళు వాడే ప్రోగ్రాములు ఎన్నో దీని మీద ఆధారపడ్డాయి. ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కు ఏది తెరిచి ఉందో తెలియదు, తీసేయమంటే తీసేస్తుంది. అందుకని తెలివి క్లయింట్‌కు పెట్టారు. తన దగ్గర తెరిచి ఉన్న ఫైలును తీసేయమని ఎవరైనా అంటే క్లయింట్ తీసేయదు. దానికి చుక్కతో మొదలయ్యే వింత పేరు పెట్టి దాచి, మూశాక అసలు తీసేస్తుంది. మధ్యలో క్లయింటే పడిపోతే ఆ ఫైళ్ళు సర్వర్‌లో అలాగే ఉండిపోతాయి. ఎవరివో తెలియని ఆ ఫైళ్ళను రాత్రిపూట ఏరిపారేసే స్క్రిప్టులు ఎన్ని ఆఫీసుల్లో నడిచాయో లెక్కలేదు.

అన్నిటికంటే నొప్పి పెట్టింది రాయడం. పద్దు లేని సర్వర్ ‘రాశాను’ అని చెప్పాలంటే, ఆ మాటకు ముందే డేటా నిజంగా డిస్కు మీదకు చేరాలి. మెమరీలో పెట్టుకుని తర్వాత రాస్తానంటే, ఈలోగా పడిపోతే డేటా పోతుంది, పోయిన సంగతి క్లయింట్‌కు తెలియదు. 8 కిలోబైట్లు రాయడానికి ఒక్కోసారి డిస్కు తల మూడు చోట్లకు వెళ్ళాల్సి వచ్చేది: డేటాకు ఒకసారి, దాన్ని చూపించే బ్లాక్‌కు ఒకసారి, ఐనోడ్‌కు ఒకసారి. ఈ నత్తనడకే ఒక కంపెనీని పుట్టించింది. పోర్ట్‌లాండ్ పత్రంలో పేర్లున్న లయన్, శాండ్‌బర్గ్‌లు మరో ఇద్దరితో కలిసి 1988లో సన్ వదిలి లెగాటో సిస్టమ్స్ పెట్టారు. వాళ్ళ మొదటి సరుకు ప్రెస్టోసర్వ్ అనే కార్డు. బ్యాటరీ ఉన్న మెమరీ అది. సర్వర్ దాని మీద రాసి వెంటనే జవాబిస్తుంది. కరెంటు పోయినా బ్యాటరీ పుణ్యాన డేటా ఉంటుంది. 1992లో పుట్టిన నెట్‌యాప్ కూడా ఇదే కిటుకును మరింత ముందుకు తీసుకెళ్ళి, ఎన్ఎఫ్ఎస్ తప్ప ఇంకేమీ చేయని పెట్టెలు అమ్మింది.

తాళాల సంగతి ఇంకో తీరు. ఇద్దరు ఒకే ఫైలులో ఒకేసారి రాయకుండా తాళం వేయాలంటే ఎవరు వేశారో గుర్తుండాలి. పద్దు లేని చోట తాళం ఎలా ఉంటుంది? సన్ వాళ్ళు తాళాలను ప్రోటోకాల్ బయట పెట్టి, వేరే ప్రోగ్రామ్‌కు అప్పగించారు. దానికి తోడుగా ఎవరెవరు తాళాలు తీసుకున్నారో డిస్కు మీద పేర్లు రాసుకుని, సర్వర్ లేవగానే వాళ్ళకు కబురు పంపే మరో ప్రోగ్రామ్ పెట్టారు. ఈ రెండూ ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. నా దృష్టిలో ఎన్ఎఫ్ఎస్‌లో అతి బలహీనమైన భాగం ఇదే.

భద్రత సంగతి త్వరగా చెప్పి ముగించవచ్చు, ఎందుకంటే మొదట్లో అది లేదనే చెప్పాలి. ప్రతి కోరికతో క్లయింట్ ఒక యూజర్ నంబరు పంపుతుంది, సర్వర్ నమ్ముతుంది. మిషన్లన్నీ ఒకే నిర్వాహకుడి చేతిలో ఉన్నప్పుడు ఇది చెల్లింది. ఎవరి మిషన్‌కు వాళ్ళే యజమానులయ్యాక చెల్లలేదు. 0 నంబరుతో వచ్చే రూట్‌ను, అంటే అన్ని హక్కులూ ఉన్న నిర్వాహక యూజర్‌ను, ఎవరూ కాని నోబడీగా మార్చేశారు. కానీ సొంత మిషన్‌లో రూట్ అయినవాడు పక్కవాడి నంబరు వేసుకుని వస్తే ఆపేవాళ్ళు లేరు.

ఇన్ని లోపాలున్న ఎన్ఎఫ్ఎస్ ఎలా గెలిచింది? ఎదురుగా గట్టి పోటీయే ఉంది. యూనిక్స్‌ను కన్న ఏటీ అండ్ టీ 1986లో సిస్టమ్ ఫైవ్ మూడో విడుదలతో ఆర్ఎఫ్ఎస్ అనే తన పద్ధతిని తెచ్చింది. అది ప్రతి పద్దూ రాసుకునేది. యూనిక్స్ నియమాల్లో ఒక్కటీ తప్పేది కాదు. దూరంగా ఉన్న టేప్ డ్రైవ్‌ను కూడా సొంతదానిలా వాడుకోనిచ్చేది. కాగితం మీద చూస్తే ఎన్ఎఫ్ఎస్ కంటే అదే మేలు. కానీ అది యూనిక్స్‌కు యూనిక్స్‌కు మధ్యే నడిచేది, సర్వర్ పడితే క్లయింట్ల పని చెడేది. సన్ మాత్రం తన ప్రోటోకాల్‌ను అందరి ముందూ పెట్టింది. దాని అడుగున ఉన్న రిమోట్ ప్రొసీజర్ కాల్ కోడ్‌ను ఎవరైనా తీసుకునేలా విడుదల చేసింది. బైట్ల వరుస మిషన్ మిషన్‌కూ వేరైనా గొడవ లేకుండా, తీగ మీద వెళ్ళే అంకెలన్నీ ఒకే రూపంలో ఉండాలని ఎక్స్‌డీఆర్ అనే నియమం పెట్టింది. పోటీ కంపెనీల ఇంజినీర్లు తమ మిషన్లు మోసుకొచ్చి ఒకే హాల్లో ఒకదానితో ఒకటి కలిపి చూసుకునే కనెక్టథాన్‌లు జరిపింది. 1989 మార్చిలో రెండో వెర్షన్ వివరాలు ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్ఎఫ్‌సీ 1094గా వెలువడ్డాయి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో రిక్ మాక్లెమ్, సన్ కోడ్ వాడకుండా ప్రచురిత వివరాల ఆధారంగా ఎన్ఎఫ్ఎస్ రాసి ఇస్తే అది 1990లో బర్క్‌లీ యూనిక్స్‌లో చేరింది. ఏటీ అండ్ టీ తన తర్వాతి విడుదలను సన్‌తో కలిసే చేసి, అందులో ఆర్ఎఫ్ఎస్ పక్కనే ఎన్ఎఫ్ఎస్‌నూ పెట్టింది. కొన్నేళ్ళకు ఆర్ఎఫ్ఎస్ వాడేవాళ్ళు లేకుండా పోయారు.

మూడో వెర్షన్ 1995 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 1813గా వచ్చింది. దాని డిజైన్‌ను వివరించిన సదస్సు పత్రం మీద సన్, డిజిటల్, నెట్‌యాప్ మనుషులు కలిసి సంతకం చేశారు. రెండు గిగాబైట్లు దాటిన ఫైళ్ళు చదవడానికి 64 బిట్ల సంఖ్యలు వచ్చాయి. అంతకంటే నాకిష్టమైన మార్పు రాయడంలోది. ఇకపై సర్వర్ డేటాను మెమరీలోనే పెట్టుకుని ‘తీసుకున్నాను’ అనవచ్చు. కానీ క్లయింట్ తన కాపీ పారేయకూడదు. ఆ జవాబుతోపాటు సర్వర్ 8 బైట్ల గుర్తు ఒకటి పంపుతుంది. పడి లేచిన ప్రతిసారీ ఆ గుర్తు మారుతుంది. క్లయింట్ చివర్లో ‘అంతా డిస్కు మీదకు చేర్చు’ అని కమిట్ పంపినప్పుడు, జవాబులో గుర్తు పాతదే అయితే తన కాపీలు వదిలేస్తుంది. మారి ఉంటే, మధ్యలో సర్వర్ పోయి వచ్చిందని గ్రహించి మొత్తం మళ్ళీ రాస్తుంది. సర్వర్ ఇంకా ఎవరి పద్దూ పెట్టలేదు. అయినా ‘నేను మధ్యలో పోయాను’ అని అందరికీ చెప్పగలిగింది. ఇంత తక్కువ యంత్రాంగంతో ఇంత పని చేసిన డిజైన్లు ఈ రంగంలో అరుదు.

నాలుగో వెర్షన్‌కు వచ్చేసరికి ప్రపంచం మారింది. 1998లో సన్ ఈ ప్రోటోకాల్ మీద పెత్తనాన్ని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థకు అప్పగించింది. 2000 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 3010, దాన్ని సరిదిద్దుతూ 2003 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 3530 వచ్చాయి. మౌంట్‌కు, తాళానికి ఉన్న విడి ప్రోగ్రాములు పోయి అంతా 2049 అనే ఒక్క పోర్టులోకి చేరింది. యూజర్ నంబరును గుడ్డిగా నమ్మే చోట, ఎవరు ఎవరో రుజువు అడిగే కెర్బరోస్ పద్ధతి వచ్చింది. పదిహేనేళ్ళు దూరం పెట్టిన తెరవడం, మూయడం ప్రోటోకాల్‌లోకి వచ్చాయి. సర్వర్ పద్దు రాయడం మొదలుపెట్టింది.

అయితే ఆ పద్దుకు గడువు పెట్టారు. క్లయింట్ తనకు దక్కిన హక్కులను ఎప్పటికప్పుడు కౌలులా పొడిగించుకుంటూ ఉండాలి. లైనక్స్ సర్వర్‌లో ఆ గడువు మామూలుగా 90 సెకన్లు. క్లయింట్ చచ్చిపోతే పద్దు దానంతటదే చెరిగిపోతుంది. సర్వర్ పడి లేస్తే కొంతసేపు కొత్త తాళాలేవీ ఇవ్వదు. ఆ వ్యవధిలో పాత క్లయింట్లు వచ్చి ‘ఇది నాది’ అని చెప్పుకోవాలి. అలా క్లయింట్ల నోటి నుంచే తన పద్దును తిరిగి రాసుకుంటుంది. ఫైలును క్లయింట్‌కు కొంతకాలం పూర్తిగా అప్పగించి, ఇంకెవరైనా అడిగితే వెనక్కి పిలిచే ఏర్పాటు కూడా ఈ వెర్షన్‌లోనే వచ్చింది.

వెనక్కి పిలిచే ఆ ఊహ మాత్రం సన్‌లో పుట్టలేదు. 1983లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఐబీఎంతో కలిసి క్యాంపస్ మొత్తానికీ ఒకే ఫైల్ సిస్టమ్ కట్టడం మొదలుపెట్టింది. ఆ పని ముందుండి నడిపిన వాళ్ళలో మద్రాసు ఐఐటీలో చదువుకున్న మహదేవ్ సత్యనారాయణన్ ఒకరు. ఫైలును మొత్తంగా క్లయింట్ డిస్కులోనే దాచి, అది మారితే తామే కబురు చేస్తామని సర్వర్ మాటిచ్చే పద్ధతి వాళ్ళది. 1988లో ప్రచురించిన పత్రంలో దాన్ని ఎన్ఎఫ్ఎస్ పక్కన పెట్టి కొలిచి చూపించారు. ఆ కొలతలతో వచ్చే భాగం మొదలవుతుంది.